పాత కంప్యూటర్‌ని థిన్ క్లయింట్‌గా మార్చాలంటే ఏ పద్ధతి మంచిది? ఆర్డీపీ, ఎక్స్‌టుగో, ఎల్‌టీఎస్‌పీ, మిగతావి

గుంటూరులో మా ఇంటి పై గదిలో 2009లో అసెంబుల్ చేయించిన కంప్యూటర్ ఒకటుంది. కోర్ టూ డుయో ఈ7500, జీ41 బోర్డు, 2 జీబీ డీడీఆర్2 ర్యామ్. క్యాబినెట్, మానిటర్, కీబోర్డు అన్నీ బాగానే ఉన్నాయి, కానీ బ్రౌజర్ తెరిస్తే చాలు హార్డ్ డిస్క్ లైటు ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది, ఇంకో ట్యాబ్ తెరిచామా ఇక మౌస్ కూడా కదలదు. అన్నయ్య కూతురు డిగ్రీలో చేరాక రికార్డులు, ప్రాజెక్టులు టైప్ చేసుకోడానికి దానికో కంప్యూటర్ కావాల్సొచ్చింది. కింద హాల్లో నా మిషన్ ఉంది, రైజెన్ 5 5600జీ, 32 జీబీ ర్యామ్, అది రోజులో ముప్పావు వంతు ఊరికే కూర్చునే ఉంటుంది. ఇంకో కంప్యూటర్ కొనే బదులు కింద ఉన్న దాని బలాన్ని పైకి పంపిద్దాం అనుకుని మొదలుపెట్టా, రెండు నెలలు ఒక్కో పద్ధతీ పెట్టి తీసేసి చూశాక నాకు అర్థమైంది రాస్తున్నా.

థిన్ క్లయింట్ అంటే సింపుల్‌గా చెప్పాలంటే వంట కింద, వడ్డన పైన. ప్రోగ్రాములు నడిచేది పెద్ద మిషన్‌లో, పాత మిషన్ చేసే పనల్లా ఆ స్క్రీన్ బొమ్మ తెచ్చి చూపించడం, మనం కొట్టిన కీలు, కదిపిన మౌస్ కిందకి పంపించడం. ఇది గుర్తుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుద్ది.

చాలామంది పాత కంప్యూటర్ కాన్ఫిగరేషన్ చెప్పి దీనికేం పెట్టాలి అని అడుగుతారు. నేను చెప్పేదల్లా ఒకటే, పాత దాన్ని చూసి ఎంచుకోకండి. ఆ చివర ఉన్న పెద్ద మిషన్‌లో ఏ ఓఎస్ ఉంది, దాని ముందు అదే టైమ్‌లో ఇంకెవరన్నా కూర్చుంటారా, రెంటికీ మధ్య వైరు ఎలాంటిది, ఈ మూడూ చూసుకుంటే ఏ పద్ధతో దానంతట అదే తేలిపోద్ది.

ముందు అసలు ఇది అవసరమా చూడండి

మీ పాత మిషన్ 64 బిట్ అయి, 4 జీబీ ర్యామ్ ఉంటే, లేదా వేసే వీలుంటే, మొదట ఒక సాటా ఎస్ఎస్‌డీ వేసి లైట్‌గా ఉండే లినక్స్ పెట్టి చూడండి. రెండో తరం ఐ3, ఐ5 నించి ఇటు వచ్చినవన్నీ ఎస్ఎస్‌డీ పడగానే లేచి కూర్చుంటాయి, వాటికి థిన్ క్లయింట్ గొడవ అక్కర్లేదు. బ్రౌజర్ ఒక్కటే కావాలి అనుకుంటే క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ ఉంది, దానికి 4 జీబీ ర్యామ్, 16 జీబీ స్టోరేజ్ కావాలి, 2010కి ముందు బోర్డులైతే సరిగ్గా నడుస్తుందన్న భరోసా లేదు.

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ అయిపోయింది, విండోస్ 11 ఏమో టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ అడుగుతుంది. అందువల్ల ఇప్పుడు చాలా ఇళ్లల్లో నాలుగో తరం, ఆరో తరం మిషన్లు "పాతవి" అయి మూలన పడుతున్నాయి. అవి నిజానికి పాతవి కావు, థిన్ క్లయింట్‌గా వాడటం వాటికి చాలా తక్కువ పని, దయచేసి పాత సామాన్ల బండికి వెయ్యకండి.

అసలు థిన్ క్లయింట్ అవసరమయ్యేది మా ఇంట్లో లాంటి వాటికి: డీడీఆర్2 ర్యామ్, ఇప్పుడు దొరికినా సెకండ్ హ్యాండే, బోర్డు మీద డబ్బులు పెట్టబుద్ధి కాదు. ఆటమ్ ఎన్270 ఉన్న బుల్లి నెట్‌బుక్‌లు కూడా ఈ కోవలోవే, కాకపోతే అవి 32 బిట్ మాత్రమే, స్క్రీన్ కూడా 1024 బై 600. వాటికి ఓఎస్ ఎంచుకునేటప్పుడు జాగ్రత్త, డెబియన్ అనే లినక్స్‌లో 13వ వెర్షన్ నించి 32 బిట్ ఇన్‌స్టాలర్ తీసేశారు, కాబట్టి డెబియన్ 12 గానీ దాని మీద కట్టిన యాంటీఎక్స్ 23 గానీ పెట్టుకోవాలి.

పెద్ద మిషన్‌లో విండోస్ ఉంటే

ముందు సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్ తెరిచి మీది హోమ్ ఎడిషనా ప్రో ఎడిషనా చూడండి. హోమ్ అయితే బయటి నించి ఆర్డీపీ (విండోస్ వాళ్ల రిమోట్ డెస్క్‌టాప్ పద్ధతి) కనెక్షన్ తీసుకోదు, అది వేరేవాటికి కనెక్ట్ అవ్వగలదు గానీ తనలోకి రానివ్వదు. ప్రో అయితే రానిస్తుంది, పాత దాంట్లో లినక్స్ వేసి, ఆర్డీపీతో కనెక్ట్ అయ్యే రెమ్మినా అనే ప్రోగ్రామ్ పెట్టుకుంటే పదిహేను నిమిషాల్లో పని అయిపోద్ది. స్క్రీన్ శుభ్రంగా వస్తుంది, సౌండ్ వస్తుంది, పైన గుచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్ కూడా లోపల కనిపిస్తుంది. పనితనం చూస్తే అన్నిట్లోకీ సుఖమైనది ఇదే అని నా అభిప్రాయం.

కాకపోతే ఒకే ఒక్క చిక్కు, ఆ ఒక్కటే చాలామందికి కుదరనివ్వదు. విండోస్ ప్రోలో ఒక టైమ్‌లో ఒక మనిషే. పైనించి అమ్మాయి లాగిన్ అయిందంటే కింద నా స్క్రీన్ లాక్ పడిపోద్ది, నేను మళ్లీ తీస్తే దాని స్క్రీన్ పోద్ది. మొదటి వారం మా ఇంట్లో ఇదే జరిగింది, నేను బిల్లులు కొడుతుంటే స్క్రీన్ నల్లబడటం, పైనించి "బాబాయ్, ఒక్క పది నిమిషాలు!" అని కేక. ఇద్దరినీ ఒకేసారి రానిచ్చేలా విండోస్ ఫైళ్లని మార్చే టూల్స్ నెట్‌లో ఉన్నాయి, అవి లైసెన్స్‌కి విరుద్ధం, పైగా ఏదన్నా పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు తెగిపోతాయి, ఇంట్లో చదువుకునే పిల్ల రేపు రికార్డు ఇవ్వాలన్న రోజు రాత్రే అది తెగుద్ది. వాటి జోలికి పోవద్దు. విండోస్ సర్వర్ వేసి మనిషికో లైసెన్స్ కొనడం ఆఫీసులకి సరే, ఇంటికి అనవసరం.

అందుకని పెద్ద మిషన్‌ని మీరు పగలు వాడుకుని పిల్లలు సాయంత్రం వాడుకుంటారంటే విండోస్ ప్రో, ఆర్డీపీ చాలు, ఇక్కడితో ఆగిపోవచ్చు. ఇద్దరూ ఒకే టైమ్‌లో కావాలంటే మాత్రం పెద్ద దాంట్లో లినక్స్ ఉండాల్సిందే, మెయిన్‌గా పెట్టుకోండి లేదా వర్చువల్ మిషన్‌లో (విండోస్ లోపలే ప్రోగ్రాములా నడిచే ఇంకో కంప్యూటర్) పెట్టుకోండి, మీ ఇష్టం.

పెద్ద మిషన్‌లో లినక్స్ ఉంటే

ఇక్కడ గట్టి పోటీ మూడింటి మధ్య: ఎక్స్‌ఆర్‌డీపీ, ఎక్స్‌టుగో, నోమెషిన్.

నేను చివరికి స్థిరపడింది ఎక్స్‌ఆర్‌డీపీ దగ్గర. ఇది లినక్స్‌ని ఆర్డీపీ మాట్లాడేలా చేస్తుంది, కాబట్టి పాత దాంట్లో రెమ్మినా అయినా, ఇంకో విండోస్ ల్యాప్‌టాప్ అయినా, ఫోన్‌లో ఆర్డీపీ యాప్ అయినా అన్నీ కనెక్ట్ అవుతాయి. మనిషికో యూజర్ అకౌంట్, మనిషికో డెస్క్‌టాప్, నేను కింద నా పని చేసుకుంటుంటే పైన దాని పని అది చేసుకుంటుంది, ఒకరికొకరు అడ్డం రారు. డెస్క్‌టాప్‌గా ఎక్స్‌ఎఫ్‌సీఈ పెట్టండి, మాటే (MATE) అనే ఇంకో డెస్క్‌టాప్ కూడా బాగానే ఉంటుంది. గ్రాఫిక్స్ మెరుపులున్న పెద్ద డెస్క్‌టాప్‌లు పెడితే ప్రతి విండో తెరుచుకునేటప్పుడూ ఆ యానిమేషన్ అంతా వైరు మీద పోవాలి, ఎందుకొచ్చిన భారం.

ఇందులో రెండు చోట్ల అందరూ ఇరుక్కుంటారు. ఒకటి, కింద ఏ యూజర్‌తో లాగిన్ అయి ఉన్నారో అదే యూజర్‌తో పైనించి కూడా లాగిన్ అయితే ఖాళీ నల్ల స్క్రీన్ వస్తుంది, లేదా వచ్చి వెంటనే పోద్ది. నేను ఒక ఆదివారమంతా దీని మీదే పోగొట్టుకున్నా. వేరే యూజర్ అకౌంట్ చేస్తే అయిపోయింది. రెండోది, మొదటిసారి 32 బిట్ కలర్‌తో లాగిన్ అయి రెండోసారి 16 బిట్ పెట్టి లాగిన్ అయితే పాత సెషన్ (ముందు తెరిచి వదిలిన డెస్క్‌టాప్) దొరకదు, కొత్త డెస్క్‌టాప్ ఇస్తుంది, "నా ఫైల్ పోయింది" అని కంగారు పడతారు. ఫైల్ ఎక్కడికీ పోలేదు, పాత సెషన్‌లో అలాగే తెరిచి ఉంది, కలర్ సెట్టింగ్ మళ్లీ మొదటిది పెడితే కనిపిస్తుంది. సౌండ్‌కి మాత్రం విడిగా ఒక మాడ్యూల్ పెట్టాలి, అది కొంచెం ఓపిక పని.

ఎక్స్‌టుగో ఎస్ఎస్‌హెచ్ (ఇంకో మిషన్‌లోకి గుట్టుగా లాగిన్ అయ్యే పద్ధతి) మీద నడుస్తుంది, అందువల్ల ఎన్‌క్రిప్షన్ గురించి వేరే ఆలోచించక్కర్లేదు, సౌండ్ పెద్దగా కుస్తీ పట్టకుండానే వస్తుంది, సెషన్‌ని మధ్యలో ఆపి తర్వాత ఇంకో మిషన్ నించి అక్కడే అందుకోవచ్చు. దీని అసలు బలం నెమ్మది లైన్ల మీద, పాత నోమెషిన్ వాళ్ల ఎన్ఎక్స్ లైబ్రరీల మీద కట్టింది కాబట్టి సన్నటి కనెక్షన్ మీద కూడా టైపింగ్ హాయిగా సాగుద్ది. ఊళ్లో అమ్మానాన్నల దగ్గర నించి సిటీలో ఉన్న మిషన్‌కి కనెక్ట్ అవ్వాలంటే నేను ఇదే చెప్తా. ఇంట్లో వైరు మీద అయితే ఆ తేడా తెలీదు, పైగా వీడియో ఆడితే ఎక్స్‌ఆర్‌డీపీ కంటే ఎక్కువ తడబడుద్ది, కొత్త గ్నోమ్ లాంటి డెస్క్‌టాప్‌లు దీంట్లో సరిగ్గా రావు.

నోమెషిన్ చూడ్డానికి అన్నిట్లోకీ అందంగా ఉంటుంది, వీడియో కూడా నయం. ఉచిత వెర్షన్‌లో కనిపించేది పెద్ద మిషన్ అసలు డెస్క్‌టాప్, మనిషికో వేరే డెస్క్‌టాప్ కావాలంటే డబ్బు కట్టే వెర్షన్‌కి వెళ్లాలి. మిషన్ ముందు ఎవరూ కూర్చోని ఇంట్లో అయితే బెస్ట్, మా ఇంటికి సరిపడలేదు.

వీఎన్‌సీ పేరు అందరికీ తెలుసు కాబట్టి మొదట అందరూ దాంట్లోకే దిగుతారు. అది ఉన్న స్క్రీన్‌ని ఉన్నట్టు చూపించడానికి మంచిది, నాన్నగారికి ప్రింట్ ఎలా తియ్యాలో దూరం నించి చూపించాలంటే దాన్ని మించింది లేదు. రోజూ కూర్చుని పని చేసుకోడానికి మాత్రం వద్దు. సౌండ్ రాదు, పాత పద్ధతి పాస్‌వర్డ్ ఎనిమిది అక్షరాలకి మించి లెక్కలోకి తీసుకోదు, ఎన్‌క్రిప్షన్ ఉండదు. ఇంకొకటి తెలుగు వాళ్లకి బాగా తెలుస్తుంది. క్వాలిటీ తగ్గిస్తే జేపీఈజీ కంప్రెషన్‌కి అక్షరాల కింద ఒత్తులు అలుక్కుపోతాయి. ఇంగ్లీషు చదవగలం, "రాష్ట్రం"లో ష కింద ట, దాని కింద ర, ఆ మూడంతస్తులూ కలిసి ఒక మరక అయిపోతుంది. ఒక పేజీ ప్రూఫ్ చూసేసరికి కళ్లు లాగేశాయి. ఆర్డీపీలో 32 బిట్ కలర్, ఫాంట్ స్మూతింగ్ ఆన్ పెడితే ఒత్తు ఒత్తుగా కనిపిస్తుంది.

ఎక్స్‌డీఎంసీపీ అని పాతకాలం పద్ధతి ఒకటుంది, పాస్‌వర్డ్‌తో సహా అన్నీ వైరు మీద బాహాటంగా పోతాయి, కనెక్షన్ తెగిందంటే తెరిచిన ప్రోగ్రాములు కూడా పోతాయి. ఇప్పుడు దాని అవసరం లేదు.

ఎల్‌టీఎస్‌పీ సంగతి

లినక్స్ టెర్మినల్ సర్వర్ ప్రాజెక్ట్, 1999లో మొదలైంది. థిన్ క్లయింట్ అని వెతికితే మొదట వచ్చే పేర్లలో ఇదొకటి, అందుకే దీని గురించి కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే ఇక్కడ పెద్ద అపార్థం ఒకటుంది.

దీంట్లో పాత మిషన్‌కి హార్డ్ డిస్కే అక్కర్లేదు. ఆన్ చెయ్యగానే నెట్‌వర్క్ కార్డు పీఎక్స్ఈ (నెట్‌వర్క్ నించి బూట్ అయ్యే పద్ధతి) ద్వారా సర్వర్‌ని అడిగి ఓఎస్‌ని అక్కడి నించే తెచ్చుకుంటుంది. రౌటర్ ఐపీలు ఇచ్చే పని రౌటర్ చేసుకుంటూనే ఉంటుంది, సర్వర్‌లో డీఎన్ఎస్‌మాస్క్ అనే చిన్న ప్రోగ్రామ్ పక్కన నిలబడి బూట్ ఫైల్ ఎక్కడుందో మాత్రం చెప్తుంది, కాబట్టి రౌటర్ సెట్టింగులు కెలకక్కర్లేదు. చూస్తుంటే ముచ్చటేస్తుంది, డిస్క్ లేని డబ్బా చప్పుడు చెయ్యకుండా లేచి లాగిన్ స్క్రీన్ చూపిస్తుంది.

అపార్థం ఏంటంటే, 2019లో తిరగరాసిన దగ్గర నించి ఎల్‌టీఎస్‌పీలో ప్రోగ్రాములు మామూలుగా నడిచేది క్లయింట్ మీదే. అంటే సరుకులు కింద నించి వస్తాయి, వంట పైనే. ఓఎస్, ఫైళ్లు సర్వర్‌వి, ర్యామ్, ప్రాసెసర్ పాత మిషన్‌వి. మా 2 జీబీ మిషన్‌లో పెడితే లేవడానికి రెండు నిమిషాల పైన పట్టింది, లేచాక బ్రౌజర్ మళ్లీ అదే కథ, ఇంకాస్త అధ్వాన్నం కూడా. కారణం లెక్క వేస్తే తెలుస్తుంది. ఆ పాత బోర్డులో నెట్‌వర్క్ పోర్టు 100 ఎంబీపీఎస్, అంటే సెకనుకి మహా అయితే 12.5 మెగాబైట్లు, ఆ కాలం హార్డ్ డిస్కే దానికి కొన్ని రెట్లు వేగంగా చదువుతుంది. డిస్క్ నెమ్మదిగా ఉందని తీసేసి దానికన్నా సన్నటి గొట్టం పెట్టినట్టు అయింది.

మరి ఎవరికి మంచిది అంటే, ఒకే రకం ఐ3 మిషన్లు పది, 4 జీబీ ర్యామ్, గిగాబిట్ స్విచ్ ఉన్న స్కూలు ల్యాబ్‌కి ఇది వరం. ఒక్క చోట సాఫ్ట్‌వేర్ వేస్తే పదింట్లో వచ్చేస్తుంది, పిల్లలు ఏం పాడుచేసినా రీస్టార్ట్ చేస్తే మళ్లీ కొత్తదే. ఊళ్లో స్కూలుకి పాత కంప్యూటర్లు ఇద్దాం అనుకునేవాళ్లు ఎవరన్నా ఉంటే దయచేసి దీన్ని సీరియస్‌గా చూడండి. ఇంట్లో ఒక్క మిషన్‌కి మాత్రం అంత ఏర్పాటు దండగ. హార్డ్ డిస్క్ చచ్చిపోయిన మిషన్ అయితే ఎల్‌టీఎస్‌పీతో లేపి, లేవగానే ఆర్డీపీలోకి వెళ్లేలా పెట్టుకోవచ్చు, అప్పుడు వంట మళ్లీ కిందకి వెళ్లిపోతుంది.

ఇది ప్రయత్నించేవాళ్లు ముందు మదర్‌బోర్డు మీద బ్యాటరీ మార్చండి. సీఆర్2032 అని గుండ్రటి నాణెం లాంటిది, వాచీ షాపులో కూడా దొరుకుతుంది. అది అయిపోతే కరెంట్ పోయి వచ్చినప్పుడల్లా బయాస్ సెట్టింగులు మర్చిపోతుంది, లాన్ బూట్ ఆన్ చేసింది కూడా మర్చిపోతుంది. మాది ఇలాగే నిన్న లేచింది ఈ రోజు లేవట్లేదు అని కేబుల్, స్విచ్, సర్వర్ అన్నీ మార్చి చూశాక చివరికి స్క్రీన్ మీద తేదీ 2009 జనవరి 1 అని కనిపించింది, అప్పుడు అర్థమైంది. ఎల్‌టీఎస్‌పీ కాకపోయినా సరే మార్చండి, తేదీ తప్పుగా ఉంటే బ్రౌజర్‌లో సెక్యూర్ సైట్లు ఏవీ తెరుచుకోవు.

మూన్‌లైట్

గేమ్స్ కోసం పుట్టింది. పెద్ద మిషన్‌లో సన్‌షైన్, చిన్న దాంట్లో మూన్‌లైట్, స్క్రీన్ మొత్తాన్ని వీడియోగా ఎన్‌కోడ్ చేసి పంపుద్ది. పాత దాంట్లో హెచ్264 అనే వీడియో ఫార్మాట్‌ని హార్డ్‌వేర్ మీద డీకోడ్ చేసే గ్రాఫిక్స్ ఉండాలి, శాండీబ్రిడ్జ్ (ఇంటెల్ రెండో తరం) నించి ఇటువైతే అద్భుతం, మా కోర్ టూ డుయో మీద అడుగు కూడా పడలేదు. ఇదీ ఒక మనిషికి ఒక డెస్క్‌టాపే.

వైరు గురించి

1920 బై 1080 స్క్రీన్‌ని సెకనుకి 60 సార్లు కంప్రెస్ చెయ్యకుండా పంపాలంటే దగ్గర దగ్గర 3 జీబీపీఎస్ కావాలి. మన ఇళ్లల్లో అంత ఎక్కడిది, అందుకే ఈ పద్ధతులన్నీ మారిన ముక్క మాత్రమే పంపుతాయి, లేదా వీడియోలా నలిపి పంపుతాయి. టైప్ చేస్తున్నప్పుడు మారేది ఒక అక్షరమంత చోటు కాబట్టి 100 ఎంబీపీఎస్ పోర్టు కూడా ధారాళంగా సరిపోద్ది, వీడియో ఆడితే స్క్రీన్ అంతా ప్రతి క్షణం మారుద్ది కాబట్టి అప్పుడు తడబడుద్ది. ఇక్కడ ముఖ్యం స్పీడ్ కన్నా నిలకడ. యూఎస్‌బీ వైఫై డాంగిల్ పెట్టి చూస్తే పింగ్ (అటు వెళ్లి ఇటు రావడానికి పట్టే టైమ్) ఒకసారి 3 మిల్లీసెకన్లు, ఒకసారి 50, కీ నొక్కాక అక్షరం ఎప్పుడొస్తుందో తెలీదు, అమ్మాయి రెండోసారి నొక్కేది, రెండు అక్షరాలు పడేవి. మెట్ల పక్కనించి 20 మీటర్ల క్యాట్6 కేబుల్ లాగించాక 1 మిల్లీసెకను కూడా దాటట్లేదు. కేబుల్ టీవీ కుర్రాడే వచ్చి రెండు చివర్లూ క్రింప్ చేసి వెళ్లాడు. మీరు ఒక్క చోటే డబ్బు పెట్టదలుచుకుంటే ఆ కేబుల్ మీద పెట్టండి, ఏ సాఫ్ట్‌వేర్ మార్చినా రాని మార్పు దాంతో వచ్చింది.

కరెంటు

ప్లగ్ మీటర్ పెట్టి చూస్తే మా పాత మిషన్ మానిటర్ కాకుండా 60 వాట్లు తింటోంది. రోజుకి ఆరు గంటలు వాడితే నెలకి సుమారు 11 యూనిట్లు. అదే పని 10 వాట్ల చిన్న థిన్ క్లయింట్ డబ్బా చేస్తే 2 యూనిట్ల లోపే. పెంటియం 4 మిషన్లయితే ఇంకా ఎక్కువ తింటాయి, అలాంటిది ఉంటే దాని జోలికి పోకుండా సెకండ్ హ్యాండ్‌లో డెల్ వైస్ 5070, హెచ్‌పీ టీ630 లాంటివి చూడండి. కంపెనీలు వాడి వదిలేసినవి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ వైపు వెతికితే దొరుకుతాయి, ఆన్‌లైన్‌లో కూడా అమ్ముతారు. కొనేముందు అడాప్టర్ ఇస్తున్నారా అడగండి, ఇంకో సంగతి, వీటికి మామూలుగా డిస్‌ప్లేపోర్టే ఉంటుంది, మీ పాత వీజీఏ మానిటర్‌కి కన్వర్టర్ విడిగా కొనాలి. రాస్ప్‌బెర్రీ పై 4 కూడా ఈ పనికి చక్కగా సరిపోతుంది, దానికి మైక్రో హెచ్‌డీఎంఐ కేబుల్ కావాలి.

పెద్ద మిషన్‌ని దీనికోసం రోజంతా ఆన్‌లో ఉంచక్కర్లేదు. వేక్ ఆన్ లాన్ బయాస్‌లో ఆన్ చేసుకుంటే పైనించే దాన్ని లేపొచ్చు, మేం డెస్క్‌టాప్ మీద ఒక ఐకాన్ పెట్టుకున్నాం, నొక్కితే కింద ఫ్యాన్ తిరిగిన చప్పుడు వినిపిస్తుంది. ర్యామ్ విషయానికొస్తే మనిషికి 4 జీబీ లెక్క వేసుకోండి, ఈ రోజుల్లో బ్రౌజర్లే తినేస్తాయి, ఇద్దరికి 16 జీబీ అంటే నిశ్చింత.

కరెంటు గురించి ఇంకో మాట చెప్పాలి, నేను ఈ పద్ధతికి ఫిదా అయిపోయింది అక్కడే. మే నెలలో మధ్యాహ్నం కరెంట్ పోయింది. కింద మిషన్‌కి యూపీఎస్ ఉంది, పైదానికి లేదు, టప్ మని ఆగిపోయింది. అమ్మాయి మెట్ల మీద నించి పరిగెత్తుకుంటూ వచ్చి "బాబాయ్ సేవ్ చెయ్యలేదు, పదకొండు పేజీలు" అంది, కళ్లల్లో నీళ్లు ఒక్కటే తక్కువ. పావుగంటకి కరెంట్ వచ్చింది, పైన ఆన్ చేసి లాగిన్ అయితే లిబ్రే ఆఫీస్ తెరిచినట్టే ఉంది, "ప్రయోగశా" దగ్గర కర్సర్ కొట్టుకుంటోంది, మిగతా "ల" కొట్టి అది పని సాగించింది. పైన మిషన్ ఆగినా కింద దాని డెస్క్‌టాప్ నడుస్తూనే ఉంది కదా. అందుకని యూపీఎస్ ఒకటే ఉంటే అది పెద్ద మిషన్‌కే పెట్టండి. దీనికి రెండో వైపు కూడా ఉంది, పెద్ద మిషన్ రిపేరుకి వెళ్తే ఇంటిల్లిపాదికీ పని ఆగిపోతుంది, అందరి ఫైళ్లూ ఒక్క చోటే ఉంటాయి కాబట్టి వారానికోసారి బయటి డ్రైవ్‌కి బ్యాకప్ తియ్యడం తప్పనిసరి.

తెలుగు టైపింగ్, వీడియోలు, క్లాసులు

తెలుగు కీబోర్డు పెద్ద మిషన్‌లోనే పెట్టాలి, పాత దాంట్లో ఇంగ్లీషు యూఎస్ లేఅవుట్ ఒక్కటే ఉంచండి. ఆర్డీపీ ఏ కీ నొక్కామో ఆ నంబరు పంపిస్తుంది, అది తెలుగు ఎలా అవ్వాలో కింద ఐబస్ అనే లినక్స్ టైపింగ్ ప్రోగ్రామ్ చూసుకుంటుంది. రెండు చోట్లా తెలుగు ఆన్ చేస్తే గజిబిజి అయిపోద్ది. ఇన్‌స్క్రిప్ట్ వాడే నాకూ, ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే అమ్మాయికీ ఇద్దరికీ వేర్వేరు యూజర్లు కాబట్టి ఎవరిది వాళ్లకి గుర్తుంటుంది. లేఖిని లాంటి బ్రౌజర్ పద్ధతి అయితే అసలు సెట్టింగే అక్కర్లేదు. మండలి, పొన్నాల, రామభద్ర లాంటి ఫాంట్లు కింద ఒక్కసారి వేస్తే పైన కూడా వచ్చేస్తాయి.

వీడియోకి మాత్రం థిన్ క్లయింట్ సరైన దారి కాదని ఒప్పుకోవాలి. వదిన బ్లౌజ్ కటింగ్ వీడియోలు చూస్తుంది, కత్తెర ఎక్కడ తిరిగిందో ఆ ముక్క సరిగ్గా కనపడాలి, ఆర్డీపీలో ఆ కత్తెర దూకుకుంటూ పోయేది. దానికి మేం చేసింది ఏంటంటే వీడియో ఒక్కటి పాత మిషన్‌లోనే, 480పీలో, వీపీ9 అనే ఇంకో వీడియో ఫార్మాట్ బదులు హెచ్264 వచ్చేలా బ్రౌజర్‌లో ఒక ఎక్స్‌టెన్షన్ వేసి చూడటం. కోర్ టూ డుయో ఆ మాత్రం లాగుతుంది. అన్నీ కిందే నడవాలని నియమం ఏమీ లేదు, ఏది ఎక్కడ బాగుంటే అక్కడ. ఆన్‌లైన్ క్లాసులకి కెమెరా, మైకు ఇటు నించి అటు పంపడం పెద్ద తలనొప్పి, దానికి ఫోన్ వాడి నోట్స్ ఇక్కడ రాసుకోవడమే సుఖం.

పెళ్లి కార్డుల డీటీపీ చేసే ఫ్రెండ్ ఒకడు పేజ్‌మేకర్ కోసం ఇప్పటికీ ఎక్స్‌పీ మిషన్ నడుపుతున్నాడు. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తోనే సపోర్ట్ అయిపోయింది, దాన్ని నెట్‌కి కలపొద్దు. పెద్ద మిషన్‌లో వర్చువల్ మిషన్‌గా వేసి దానికి నెట్‌వర్క్ తీసేసి, ఆ విండోని ఎక్స్‌ఆర్‌డీపీ డెస్క్‌టాప్‌లో తెరుచుకోమని చెప్పా.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్తున్నా. బయటి నించి కూడా వాడుకుందామని రౌటర్‌లో ఆర్డీపీ వాడే 3389 పోర్టు తెరవొద్దు. తెరిచిన కాసేపటికే ఎక్కడెక్కడి నించో పాస్‌వర్డ్ ప్రయత్నాలు మొదలవుతాయి, 2019లో బయటపడ్డ బ్లూకీప్ లోపం అయితే పాత విండోస్‌లలో పాస్‌వర్డ్ కూడా లేకుండానే లోపలికి రానిచ్చే రకం. బయటి నించి కావాలంటే వైర్‌గార్డ్ గానీ టెయిల్‌స్కేల్ గానీ, ఏదో ఒక వీపీఎన్ పెట్టుకుని దాని లోపల్నించి రండి.

ఇవన్నీ చదివి ఏదో ఒకటి పాత డిస్క్ మీద ఇన్‌స్టాల్ చేసెయ్యకండి. ముందు ర్యామ్ కాళ్లు రబ్బరుతో రుద్ది, ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్ట్ మార్చి, బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బి ఉన్నాయేమో చూడండి, ఉబ్బితే ఆ బోర్డు మీద ఇంక శ్రమ పెట్టొద్దు. తర్వాత యాంటీఎక్స్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి లైవ్‌గా బూట్ చేసి, రెమ్మినా పెట్టుకుని, ఉన్న కేబుల్‌తోనే పెద్ద మిషన్‌కి కనెక్ట్ అవ్వండి. రోజూ వాడే మనిషిని కూర్చోబెట్టి ఒక పేజీ తెలుగులో కొట్టమనండి. మా అమ్మాయి అలా అరగంట కొట్టాక "ఇది కింద మిషనా పైదా?" అని అడిగింది, ఇన్‌స్టాల్ చేసింది ఆ తర్వాతే.